రిలీజు అడిగిన మనిషి

పోయిన నెల ఒక రోజు పొద్దున మా బావ తెచ్చిన పేపరులో, ఆఖరి పేజీ కింది మూలన, నాలుగు వరుసల వార్త కనిపించింది. లిథువేనియా స్వతంత్ర దేశమని మాస్కో ఒప్పుకుందట. పైన సిమెంటు ప్రకటన, పక్కన బంగారం ధర, మధ్యలో ఇరుక్కుని ఆ వార్త. రాయచోటిలో దాన్ని ఇంకెవరైనా చదివి ఉంటారని నేననుకోను. నేను మాత్రం కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. పరుగెత్తిపోయి చెప్పాలనిపించింది. ఆ మాట వినాల్సిన మనిషి ఎక్కడున్నాడో ఏడాది దాటినా ఎవరికీ తెలియదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. నా డైరీలోనూ ఎప్పుడూ రాయలేదు. కువైట్లో ఫర్వానియాలో, మా అక్కా బావా అద్దెకున్న గది కింద, ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడు. మా వైపు మనిషే, రాజంపేట దగ్గర పల్లె. వయసుకు ఆయన్ని మామా అని పిలవాలి. కానీ నేను రుమైథియాలో పనిచేసే ఇంట్లో యజమానురాలిని మామా అనాలి కాబట్టి, ఆ పిలుపు నా నోట్లో అరిగిపోయింది. ఒకసారి పొరపాటున ఆయన్ని మామా అంటే, “నన్ను అట్ల పిల్చొద్దు తల్లీ, వెంటనే గిన్నెలు కడగమని చెప్పాలనిపిస్తాది” అన్నాడు. అప్పటినుంచి చిన్నాయనా అన్నాను.

సన్నగా, పొడుగ్గా, ఒక భుజం కిందికి జారినట్టు ఉండేవాడు. ఇరవై ఏళ్లు ఒకే చేత్తో ఇస్త్రీపెట్టె తోస్తే అట్లానే అవుతుందట. నీళ్లు చల్లడానికి సీసా ఉన్నా వాడేవాడు కాదు. గ్లాసుతో నోటినిండా నీళ్లు పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, చొక్కా మీద ‘ఫూ’ అని ఊదేవాడు. మంచు పడినట్టు సన్నగా పరుచుకునేవి. కొత్తగా వచ్చినవాళ్లు మొహం చిట్లించుకుంటే, “సీసాకు గుడ్డ సంగతి తెల్దు. నోటికి తెలుస్తాది” అనేవాడు.

ఈ నోట్లో నీళ్ల వ్యవహారం ఎందుకు చెబుతున్నానంటే, ఆయన వాదనలన్నీ దాని చుట్టూ నడిచేవి. ఎదుటివాడు మాట్లాడుతున్నంత సేపూ ఆయన బుగ్గలు నిండుగా ఉండేవి. కళ్లు మాత్రం వినేవి. ఎదుటివాడు ఆఖరి మాట అనేశాననుకుని ఆగగానే ‘ఫూ’ అని ఊది, పెట్టె ఆనించి, ఆవిరిలోంచి జవాబు చెప్పేవాడు. ఆ ఊదడానికే సగం మంది ఓడిపోయేవాళ్లు.

బల్ల పైన గూట్లో రేడియో ఉండేది. అందులో మాస్కో నుంచి తెలుగులో వార్తలు వచ్చేవి, లండన్ నుంచి హిందీలో వచ్చేవి. రెండూ వినేవాడు. “ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పకుండా వదిలిపెట్టేది ఏందో, అదీ వార్త” అనేవాడు. గూటి కింద రేకు పెట్టెలో రష్యాలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఉండేవి. నున్నటి కాగితం, గట్టి అట్టలు. నాకు ఒక్కొక్కటీ ఇచ్చేవాడు. శుక్రవారం మామా నన్ను అక్క దగ్గరికి పంపేది. వాళ్ల డ్రైవరు దించి వెళ్లాక, నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటూ, కింద జరిగే గొడవ వినేదాన్ని. నేను నలుగురిలో నోరు తెరిచే మనిషిని కాను. అక్కడి మగవాళ్లలో చాలామంది నన్ను మూగదాన్ననుకునేవారు. రాత్రికి అన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

లాండ్రీ పక్కన కుట్టుమిషను అంగడి నడిపే మస్తాన్ భాయ్‌ది రాయచోటి. ఆయనా చిన్నాయనా ఎనిమిదేళ్లు ఒకే గదిలో ఉండి, ఒకే స్టవ్వు మీద వండుకుని తిన్నవాళ్లు. ఒకరు వండితే ఒకరు గిన్నెలు కడిగేవారు. వాళ్లిద్దరి మధ్య లిథువేనియా వచ్చింది.

పోయినేడాది ఎండలు మొదలవకముందే రేడియో చెప్పింది. సోవియట్ యూనియన్‌లో ఉన్న ఒక చిన్న దేశం, మేము ఇందులో ఉండం, వెళ్లిపోతాం అందట. పెద్ద దేశం వీల్లేదందట. ఈ వార్త చిన్నాయనకు అర్థమైన తీరు వేరు. కువైట్లో ఒక యజమాని కింద పనిచేసేవాడు ఇంకొకచోటికి పోవాలంటే ఆ యజమాని, అంటే కఫీల్, సంతకం పెట్టి వదిలిపెట్టాలి. దాన్ని మనవాళ్లు రిలీజు అంటారు, అరబ్బులు తనాజుల్ అంటారు. చిన్నాయన ఆరేళ్లుగా తన కఫీల్‌ను రిలీజు అడుగుతున్నాడు. కఫీల్ ఆరేళ్లుగా “బుక్రా” అంటున్నాడు, రేపు అని.

ఆ శుక్రవారం అంగడి ముందు పదిహేను మంది ఉన్నారు.

“అబ్బీ, ఇన్నారా?” అన్నాడు చిన్నాయన, పెట్టె నిలబెట్టి. “లిత్తవేనియా రిలీజు అడిగింది. కఫీల్ ఈయనంటాండాడు.”

మస్తాన్ భాయ్ సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. “ఎట్లిస్తాడు? పెట్రోలు ఆయప్పే ఇచ్చె, గ్యాసు ఆయప్పే ఇచ్చె. ఫ్యాక్టరీలు పెట్టిచ్చె. ఇంత తిని ఇప్పుడు పోతానంటే ఎవురూరుకుంటారు?”

చిన్నాయన నోట్లో నీళ్లు పోసుకున్నాడు. అందరూ ఎదురుచూశారు. ఫూ.

“మా కఫీల్ గూడా అన్నం పెడతాండాడు భాయ్. అన్నం పెట్టినోడు తలుపుకు బీగమేసుకోవచ్చునా?”

“అగ్రిమెంటు మీద సంతకం పెట్టినాడా లేదా నీ లిత్తవేనియా?”

“పెట్టినాడు. పెట్టేటప్పుడు తుపాకీ యాడుండాదో గూడా అడుగు.”

“వాళ్ల పుస్తకాలు సదివి వాళ్లకే ఎదురు మాట్లాడతాండావే!”

“సదివినాను గాబట్టే మాట్లాడతాండా.”

గోదావరి వైపు నుంచి వచ్చిన వంటాయన ఒకడు మధ్యలో దూరాడు. “అసలా దేశం ఎక్కడుందండీ బాబూ? మనకేవన్నా వీసాలిత్తారా?”

అందరూ నవ్వారు. కానీ ఆ నవ్వుతో అది ఆగలేదు. వారం వారం పెరిగింది. డ్రైవర్లు ఒకవైపు, మేస్త్రీలు ఒకవైపు. షువైఖ్ రేవులో లారీ తోలే మా బావ కూడా, “చిన్నదేశం పోతే తినేదానికేముంటాది?” అని భాయ్ వైపు చేరాడు. మాస్కో ఆ దేశానికి పెట్రోలు ఆపేసిందని రేడియో చెప్పిన రోజు మస్తాన్ భాయ్ అంగడి ముందుకొచ్చి చప్పట్లు కొట్టాడు. “ఖలాస్! ఇంక నాలుగు దినాలకు కాళ్ల మీద పడతాడు సూడు.” చిన్నాయన ఆ రోజు నోట్లో నీళ్లు పోసుకోలేదు. “ఆకలికి పడితే అది ఒప్పుకున్నట్టు కాదు భాయ్” అన్నాడు మెల్లగా. “నువ్వట్లా సప్పట్లు కొడతావనుకోలేదు.”

ఆ సాయంత్రం చిన్నాయన ఒక కొత్త కిరసనాయిలు స్టవ్వు తెచ్చుకుని వసారాకు అవతలి చివర పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్క గదిలోనే పడుకుంటూ వేరుపడ్డారు. ఒకరి చింతపండు అయిపోతే ఇంకొకరిని అడగరు. మా అక్క పైనుంచి దిగి, ఈ స్టవ్వు దగ్గర తీసుకుని ఆ స్టవ్వు దగ్గర ఇచ్చేది. “ఇద్దరికీ పెండ్లాలు ఊర్లో ఉంటే కొట్లాడేదానికి దేశాలు కావాల్సొచ్చినాయి” అని తిట్టేది.

ఒకసారి మెట్ల మీద పుస్తకం తిరిగిచ్చేటప్పుడు, ఎవరూ లేరు కదా అని ధైర్యం చేసి అడిగాను. “ఎప్పుడూ చూడని దేశం కోసం భాయ్‌తో ఎందుకు చిన్నాయనా?”

ఆయన ఒక కాలరును సరిచేశాడు. “నేను ఆరేండ్లుగా అడుగుతాండా గదా తల్లీ. తలొంచుకోని, గొంతు తగ్గిచ్చి అడుగుతా. నలుగురిలో నిలబడి, తలెత్తి అడిగినోన్ని ఇంతవరకూ సూల్లేదు. వాడు దేశమైతేనేమి?”

ఆయన బట్టలకు గుర్తు పెట్టే పద్ధతి గురించి కూడా చెప్పాలి. వేరే లాండ్రీల్లో అంకెలు వేస్తారు. ఈయన మాత్రం కాలరు లోపల చెరగని సిరాతో తెలుగులో రాసేవాడు. అరబ్బుల పేర్లు ఆయనకు గుర్తుండవు. అందుకని ‘మెల్లకన్ను’, ‘రెండు కార్లు’, ‘నవ్వేటాయన’ అని రాసేవాడు. మా మామా ఇంటి బట్టలు నేనే శుక్రవారం మూటగట్టి తెచ్చేదాన్ని. ఆయన ఇస్త్రీ మా మామాకు అంత నచ్చింది. వాటి మీద ‘రుమైతియా పచ్చగేటు’ అని ఉండేది. ఎవరైనా అరబ్బు ఆ అక్షరాలు చూపించి ఇదేమిటని అడిగితే, ఎవరికైనా ఒకటే జవాబు. “మాఫీ నిషా.” గంజి వద్దు అని. వాళ్లు తలూపి వెళ్లిపోయేవారు. “అన్ని సొక్కాయిలకూ గంజి వద్దనే ఉండాదే అని ఒక్కడన్నా అడగడు సూడు” అని నా వైపు చూసి కన్ను కొట్టేవాడు.

ఎండాకాలం నడిమిలో, ఒక గురువారం తెల్లవారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్లో ఉన్నాయి.

రెండో రోజు మా మామా చిన్నపిల్లలతో కారులో సౌదీ వైపు బయలుదేరింది. నన్ను ఫర్వానియాలో అక్క దగ్గర దించింది. వాళ్ల పెద్ద కొడుకు సైన్యంలో పనిచేసేవాడు. కదల్లేని నాయనమ్మ ఇంట్లో ఉంది కాబట్టి, ఆమెతో అతను ఉండిపోయాడు. “నా కొడుకు అక్కడున్నాడని ఎవరితోనూ అనకు” అని మామా నా రెండు చేతులూ పట్టుకుంది. అన్నాళ్లలో ఆమె నా చేతులు పట్టుకోవడం అదొక్కసారే.

కారు వెళ్లాక గుర్తొచ్చింది. పోయిన శుక్రవారం నేను తెచ్చిన మూటలో అతని యూనిఫాం ఉంది. దిగి వెళ్లి చిన్నాయనకు చెప్పాను. పట్టుబడ్డ సైనికులను గోడకు నిలబెట్టి చంపుతున్నారని అప్పటికే అందరికీ తెలుసు.

“ఆ గుడ్డలు కాల్చేద్దాం చిన్నాయనా.”

“ఇరవై ఏండ్లలో ఇచ్చిన గుడ్డ ఇచ్చినట్టు తిరిగీకుండా ఉండల్యా తల్లీ నేను.” ఇస్త్రీ బల్ల మీద పరిచిన దుప్పట్లను ఎత్తి, మధ్య పొరలో ఆ యూనిఫాంను చదునుగా పరిచి, మళ్లీ కప్పాడు. దాని మీదనే పెట్టె తోశాడు. “సూడు. ఇంతకంటే మడత నలగకుండా యాడ పెడతాం?”

నాకప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడూ వస్తుంది. దాన్ని కాల్చి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

కొన్నాళ్లకు రేడియోలో ప్రకటన వచ్చింది. కువైట్ అనే దేశం ఇక లేదు, అది ఇరాక్‌లో కలిసిపోయింది అని. అంగడి ముందు నలుగురే ఉన్నారు. అంతకంటే ఎక్కువమంది గుమికూడటానికి అప్పుడు భయం. మస్తాన్ భాయ్ రేడియో వైపే చూస్తూ, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నేరుగా ఆయనతో మాట్లాడాడు.

“కలుపుకునేది ఇట్లుంటాదని నేనేం కలగన్నానా?”

చిన్నాయన ఊదాడు, పెట్టె తోశాడు. “నువ్వు సెప్పింది కలిసుండేది భాయ్. ఇది కలుపుకునేది. రెండూ ఒకటి కాదులే.” అంతకుమించి సాధించలేదు. ఆ రోజు భాయ్ ఇద్దరికీ వండాడు. రెండో స్టవ్వులో ఉన్న కిరసనాయిలు మొదటి స్టవ్వులో పోశారు.

మనవాళ్లు బస్సుల్లో బస్రా మీదుగా జోర్డాన్ వెళ్తున్నారు. మా బావ మాకందరికీ పేర్లు రాయించాడు. ఇంక నాలుగు రోజుల్లో బయలుదేరాలి. ఆ పొద్దున నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. చేతిలో చిన్నాయన ఇచ్చిన పుస్తకం. ఒక ఆఫీసరు, ముగ్గురు సైనికులు లాండ్రీలోకి వచ్చారు. వెతకడానికి కాదు, దొరికింది తీసుకుపోవడానికి. ఒకడు రేడియో తీశాడు. పాతది చూసి మళ్లీ పెట్టేశాడు. ఇంకొకడికి బల్ల మీది దుప్పట్లు నచ్చాయి. పట్టుకుని లాగాడు. యూనిఫాం నేల మీద పడింది.

ఎవరిదని అడిగారు. ఎవరో ఇచ్చిపోయారు, మళ్లీ రాలేదు అన్నాడు చిన్నాయన. ఆఫీసరు కాలరు తిప్పి చూశాడు. ఈ రాత ఏమిటన్నాడు. చిన్నాయన ఏదో చెప్పాడు. మెట్ల మీదికి నాకు వినపడలేదు. ఆఫీసరు నమ్మలేదు. బయటికి వచ్చాడు. అతని చూపు నా చేతిలోని పుస్తకం మీద పడింది. దగ్గరికొచ్చి, పుస్తకం విప్పి, కాలరును పేజీ పక్కన పెట్టి, అక్షరాలు పోల్చి చూశాడు. అవే గుండ్రాలు. నన్ను మస్తాన్ భాయ్ అంగడిలోకి తీసుకెళ్లి, అరబ్బీలో నిదానంగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు అడిగాడు. “ఇక్కడేమని రాసుంది?”

రుమైతియా పచ్చగేటు. ఆ పెద్ద పెద్ద అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ గేటు వెనక మంచంలో నాయనమ్మ ఉంది, మామా పెద్ద కొడుకున్నాడు. చిన్నాయన ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను వేరేది చెబితే ఆయన అబద్ధమాడాడని తేలిపోతుంది. నలుగురు మగవాళ్ల ముందు నేను అంతవరకూ గట్టిగా ఒక్క మాట అనలేదు.

“మాఫీ నిషా” అన్నాను.

ఆఫీసరు నన్ను చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. బయటికెళ్లి సైనికులతో, గంజి వద్దట, ఆ పిల్ల కూడా అదే అంటోంది అన్నాడు. మస్తాన్ భాయ్ గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. అయిపోయిందనుకున్నాం. యూనిఫాం చంకన పెట్టుకుని, ఆఫీసరు వెళ్లబోతూ, సరదాకే, గుమ్మంలో ఆగాడు.

“ఇప్పుడంతా ఒకటే దేశం. మంచిదే కదా?”

అందరం తలలూపాం. నేనూ ఊపాను. చిన్నాయన బుగ్గలు నీళ్లతో నిండుగా ఉన్నాయి. ఆయన అప్పటికే ఒక చొక్కా పరుచుకుని పని మొదలుపెట్టాడు. ఆఫీసరు ఆయన జవాబు కోసం ఆగాడు. ఊదుతాడని నేను చూస్తున్నాను. ఆయన ఊదలేదు. ఆ నీళ్లు మింగేశాడు. నేను ఆయన్ని చూసిన రెండేళ్లలో నీళ్లు మింగడం అదే మొదలు.

“ఫీ తనాజుల్?” అన్నాడు. రిలీజు ఉంటుందా అని.

తలెత్తి అన్నాడు. గొంతు తగ్గించలేదు.

ఆఫీసరు మొహంలో నవ్వు ఒక్కొక్కటిగా దీపాలార్పినట్టు పోయింది. ఇద్దరు సైనికులు ఆయన్ని రెండు రెక్కలూ పట్టుకుని జీపు ఎక్కించారు. మస్తాన్ భాయ్ వెనకే పరుగెత్తి, “మజ్నూన్, సార్, మజ్నూన్” అని అరిచాడు. పిచ్చివాడు సార్ అని. తుపాకీ మడమతో ఛాతీ మీద కొడితే కింద పడ్డాడు. పెట్టె కింద చొక్కా కాలుతున్న వాసన వచ్చేదాకా ఎవరం లోపలికి పోలేదు.

భాయ్‌కి అరబ్బీ బాగా వచ్చు. ఆయన చెబితేనే నాకు తెలిసింది. మనకు తనాజుల్ అంటే కఫీల్ ఇచ్చే కాగితం. మామూలు అరబ్బీలో ఆ మాటకు, పట్టుకున్నదాన్ని వదులుకోవడం అని అర్థమట. ‘ఈ దేశాన్ని వదులుతారా?’ అని ఆఫీసరుకు వినిపించి ఉంటుంది. పాపం, మన రిలీజనుకుని అన్నాడు, అంటాడు బావ. తెలిసే అన్నాడు, అంటాడు భాయ్. నేను డైరీలో రెండూ రాసుకున్నాను. ఆయన నీళ్లు మింగడం చూసింది మాత్రం నేనొక్కదాన్నే. అదీ రాసుకున్నాను.

బస్సు వచ్చిన రోజు మస్తాన్ భాయ్ ఎక్కలేదు. “వాడొస్తే తాళమెవురిస్తారు?” అన్నాడు. ఇంకో నెల ఉండి, స్టేషన్లన్నీ తిరిగి, తన్నులు తిని, చివరికి రేడియో ఒక్కటి చంకన పెట్టుకుని ఊరు చేరాడు. యుద్ధం అయిపోయింది. తిరిగి కువైట్ వెళ్లిన ఒకామె చెప్పింది, పచ్చగేటు ఇంటి పెద్ద కొడుకు క్షేమంగా ఉన్నాడని. చిన్నాయన సంగతి ఎవరూ చెప్పలేదు. రాజంపేట దగ్గర ఆయన భార్య ఇంకా బొట్టు పెట్టుకునే ఉంది.

పోయిన నెల ఆ పేపరు చేతిలో పట్టుకుని నేను పోయింది మస్తాన్ భాయ్ దగ్గరికే. రాయచోటి బస్టాండు వెనక చిన్న అంగడి పెట్టుకున్నాడు. మిషను పైన గూట్లో ఆ రేడియో. పళ్ల మధ్య దారం పట్టుకుని జాకెట్టు కుడుతున్నాడు. దారి పొడవునా ఎలా చెప్పాలో వాక్యం కూర్చుకుంటూనే వచ్చాను. తీరా ఆయన ముందు నిలబడేసరికి, ఎప్పటిలాగే, వాక్యంలో చివరి ముక్క మాత్రమే బయటికొచ్చింది.

“రిలీజు వచ్చింది భాయ్.”

మిషను ఆగింది. ఆయన నోట్లోంచి దారం జారిపడింది.

“యాడుండాడు?” అన్నాడు. అప్పటికే లేచి, కళ్లద్దాలు తీసేసి, మిషను కింద కాలితో చెప్పుల కోసం తడుముకుంటున్నాడు. “బొంబాయిలో దిగినాడా? ఎవురు సెప్పినారు? నడువు తల్లీ, నడువు, మాట్లాడవేంది?”

నేను పేపరును మడిచాను. మళ్లీ మడిచాను. మడవడానికి ఇంకేమీ మిగలనంతవరకూ మడిచాను.